జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఎంపిక: ప్రాంతీయ ప్రాతినిధ్యం, ప్రతిభ

నిర్వచనం, పరిధి

దేశం తరఫున ఆడే ఫుట్‌బాల్ జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్నకు రెండు సూత్రాలు వాడుకలో ఉన్నాయి. ప్రతిభా సూత్రం ప్రకారం ఆ పోటీకి, ఆ స్థానానికి ఎవరు మెరుగైన ఆటగాడో అతణ్నే తీసుకోవాలి. ఊరు, భాష, రాష్ట్రం అడగకూడదు. ప్రాతినిధ్య సూత్రం ప్రకారం జాతీయ జట్టు దేశమంతటిదీ కాబట్టి వేర్వేరు ప్రాంతాల వారికి అందులో చోటుండాలి. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నియమాలు ఆటగాడి జాతీయతను, ఆడే అర్హతను మాత్రమే చూస్తాయి; దేశం లోపలి ప్రాంతాల ఊసు వాటిలో లేదు. భారత సీనియర్ జట్టుకూ రాతపూర్వకమైన రాష్ట్ర కోటా లేదు. అయినా బెంగాల్‌కు ఎక్కువ, దక్షిణాదికి తక్కువ అన్న ఫిర్యాదు, ఈశాన్యం వారే కనిపిస్తున్నారన్న వ్యాఖ్య దశాబ్దాలుగా వినబడుతూనే ఉన్నాయి.

ఈ రెండు సూత్రాలూ ఎంపిక సంఘం బల్ల దగ్గర ఢీకొంటాయని సాధారణంగా అనుకుంటారు. తెలుగు ప్రాంతపు అనుభవాన్ని ఆధారంగా తీసుకుని పరిశీలిస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. బల్ల దగ్గరకు ఏ పేర్లు వచ్చాయన్నది అంతకు చాలా ఏళ్ల ముందే, జిల్లా లీగులోనో, పోలీసు జట్టులోనో, బడి మైదానంలోనో తేలిపోతుంది. అందువల్ల ప్రాంతీయ న్యాయం పాటించవలసింది ఆటగాళ్లను వెదికే దశలో. చివరి పదకొండుమందిని పేర్చే దశలో ప్రతిభ ఒక్కటే కొలత కావాలి. ఈ వాదానికి అనుకూలమైన, ప్రతికూలమైన ఆధారాలు రెండూ కింద ఉన్నాయి.

ప్రాతినిధ్యపు రకాలు

ప్రాతినిధ్యం అన్నిచోట్లా ఒకే రూపంలో ఉండదు. రాతపూర్వక కోటాలో ఫలానా వర్గానికి ఇన్ని స్థానాలని నియమం ఉంటుంది. లక్ష్య విధానంలో కొంత కాలవ్యవధికి సగటున ఇంతమంది అన్న అంకె ఉంటుంది. అన్నిటికంటే వ్యాప్తిలో ఉన్నది అనధికారిక సర్దుబాటు: ఎంపిక సంఘంలో ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో సభ్యుడుంటాడు, ఒక్కొక్కరూ తమవైపు ఒక పేరు నెగ్గించుకుంటారు. రాసిపెట్టిన కోటానైతే ప్రశ్నించవచ్చు, సవరించవచ్చు; సర్దుబాటుకు ఆ వీలు లేదు కాబట్టి మూడింటిలోనూ ఇదే ఎక్కువ హానికరం. నాలుగో రూపంలో ప్రాతినిధ్యం పోటీల నిర్మాణంలోనే ఉంటుంది. ప్రతి రాష్ట్రమూ ఒక జట్టును దింపుతుంది, ఆ పోటీలే జాతీయ జట్టుకు ఆటగాళ్లను చూపిస్తాయి.

భారత సమాఖ్య నిర్మాణం (చూ. సంతోష్ ట్రోఫీ)

భారతదేశం ఎంచుకున్నది ఈ నాలుగో రూపం. 1893లో కలకత్తాలో ఏర్పడిన ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పేరుకు దేశానిదైనా పనికి బెంగాల్‌ది. దాని ఆధిపత్యంపై ఇతర ప్రాంతాల సంఘాలు పేచీ పడిన తరువాతే 1937లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1948లో దానికి ఫిఫా సభ్యత్వం వచ్చింది. రాష్ట్రాల మధ్య పోటీగా 1941లో సంతోష్ ట్రోఫీ మొదలైంది. రాష్ట్రాలతోపాటు సర్వీసెస్, రైల్వేస్ జట్లూ ఇందులో ఆడతాయి. దేశవ్యాప్త లీగు లేని కాలంలో మారుమూల రాష్ట్రపు ఆటగాడు సెలక్టర్ల కంట పడడానికి ఇంతకు మించిన వేదిక లేదు.

అయితే వేదిక ఒకటి, అద్దం మరొకటి. కలకత్తా లీగు, అక్కడి మూడు పెద్ద క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ మాత్రమే ఏడాది పొడవునా పత్రికల్లో ఉండేవి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత కెప్టెన్ తాలిమెరెన్ ఆవో నాగా కొండల వాడు. ఆయన జట్టులోకి వచ్చింది ఈశాన్యానికి ఎవరో వాటా ఇచ్చినందువల్ల కాదు. వైద్య విద్య కోసం కలకత్తా చేరి మోహన్ బగాన్‌కు ఆడినందువల్ల. ఆయన ప్రతిభ నిజమైనదే. కానీ చదువుకోసం మరో నగరానికి వెళ్లి ఉంటే అదే ప్రతిభ ఎవరికి తెలిసేది? శుద్ధ ప్రతిభావాదులు ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు.

హైదరాబాద్ ఉదాహరణ (చూ. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్)

తెలుగు నేలకు సంబంధించి ఈ చర్చకు అత్యంత విలువైన సాక్ష్యం 1943 నుంచి 1963 వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1956-57లోనూ, మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. ఈ విజయాల వెనుక ఉన్న పద్ధతిని ప్రత్యేకంగా గుర్తించాలి. డ్రిబ్లింగ్ నిషేధించి పాస్‌లతోనే ఆడవలసిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు రహీం నడిపారు. పోలీసు ఉద్యోగం పేద ఇంటి కుర్రాడికి జీతాన్ని, సాధనకు సమయాన్ని ఇచ్చింది. అంటే ఆటగాళ్లు దొరికేదాకా ఎదురుచూడకుండా ఆటగాళ్లను తయారుచేసే యంత్రాంగం ఒక నగరంలో ఏర్పడింది.

దాని ఫలితం జాతీయ జట్టులో కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్ వంటివారు హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల నుంచి వచ్చినవారే. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన ఆ జట్టు సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో 1-4తో ఓడింది. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్లకు ముందు హెల్సింకిలో అదే యుగోస్లావియా మనపై పది గోల్స్ కొట్టింది. ఒక నగరం తన జనాభాకు ఎన్నో రెట్లు మించి ఆటగాళ్లను ఇచ్చిన జట్టే ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ చేరిన అత్యున్నత స్థానానికి చేరింది. ప్రాంతాలవారీ వాటాల లెక్క పెట్టి ఉంటే ఆ ఆటగాళ్లలో చాలామంది ఇంటి దగ్గరే ఉండేవారు.

హైదరాబాద్ సంఘం కార్యదర్శి రహీమే జాతీయ శిక్షకుడు కూడా కావడం వల్ల పక్షపాతం జరిగిందన్న సందేహానికి ఇక్కడ అవకాశముంది. ఒకే వ్యక్తి రెండు పదవుల్లో ఉండడం మంచి ఏర్పాటు కాదన్నది నిజమే. కానీ 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఆ సందేహానికి జవాబిస్తుంది. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టుకు కెప్టెన్ బెంగాల్ ఆటగాడు చునీ గోస్వామి. గోల్స్ చేసినవారు పి.కె. బెనర్జీ, పంజాబ్ వాడైన జర్నైల్ సింగ్. కేరళలో పుట్టిన చంద్రశేఖర్, గోవా మూలాలున్న ఫ్రాంకో, బెంగాల్ వాడు అరుణ్ ఘోష్ జట్టులో ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ వారితో కలిసి ఆడారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాలన్న రహీం నిర్ణయానికి ఏ రాష్ట్రంతోనూ సంబంధం లేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో మరణించారు.

వలస, ప్రాంతపు గుర్తింపు

వాటా లెక్కలో ఒక మౌలికమైన చిక్కు ఉంది: ఏ ఆటగాడు ఏ ప్రాంతపు వాడు? సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన బలరాం హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ తెచ్చి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, ఆ తరువాత బెంగాల్ తరఫున కూడా అదే ట్రోఫీ గెలిచారు. తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి, సైన్యంలో చేరి సర్వీసెస్‌కు, ఆపై బెంగాల్‌కు, రైల్వేస్‌కు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. ఆ తరువాత జట్టుకు నాయకత్వం వహించిన షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్‌ల దారీ అదే. పుట్టిన ఊరిని చూడాలా, మాతృభాషనా, ఆడుతున్న రాష్ట్రాన్నా అన్నదాన్నిబట్టి వీరంతా మూడు వేర్వేరు లెక్కల్లోకి వస్తారు. స్థిరమైన నిర్వచనం లేని గుర్తింపు మీద స్థానాలు పంచితే వివాదాలు తప్ప న్యాయం మిగలదు.

క్షీణత

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ విజయం మళ్లీ రాలేదు. రహీం తరువాత ఆ స్థాయి శిక్షకుడు లేకపోయాడు, మెరికల్లాంటి కుర్రాళ్లు కలకత్తా దారి పట్టారు, పోలీసు జట్టు ప్రాభవం తగ్గింది. జాతీయ జట్టులో తెలుగు నేలవారు క్రమంగా కనుమరుగయ్యారు. దీన్ని సెలక్టర్ల పక్షపాతంగా చూపడం తేలిక. కానీ బల్లమీద పేరే లేనప్పుడు సెలక్టర్ ఎవరిని కాదన్నట్టు?

స్టేడియాల కొరత కూడా కారణం కాదు. 2008 ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ మ్యాచ్‌లకు, 2024 సెప్టెంబర్‌లో ఇంటర్ కాంటినెంటల్ కప్పుకు హైదరాబాద్ వేదికైంది. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలోనే బెంగాల్ 1-0తో కేరళను ఓడించి 33వసారి సంతోష్ ట్రోఫీ ఎత్తుకుంది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగు విజేత అయ్యింది. కానీ ఆ ఫైనల్లో ఆడిన భారతీయులు మణిపూర్, బెంగాల్, గోవా వంటి చోట్ల నుంచి వచ్చినవారు. ఆ క్లబ్బు ఇప్పుడు ఢిల్లీకి తరలిపోయింది. నగరం పేరు చొక్కా మీద ఉన్నంత మాత్రాన నగరపు పిల్లవాడు జట్టులోకి రాడు.

మిజోరం, మణిపూర్ (చూ. ఈశాన్య రాష్ట్రాల ఫుట్‌బాల్)

హైదరాబాద్ తగ్గిన కాలంలోనే ఎదిగిన ప్రాంతాలూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరం జనాభా దాదాపు 11 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 8.46 కోట్లు, దేశానిది 121 కోట్లు. 23 మంది జట్టును జనాభా ప్రకారం పంచితే తెలుగువారికి ఒకటో రెండో స్థానాలు వస్తాయి. మిజోరంకు నలభై ఎనిమిది జట్లకు ఒక్క స్థానం చొప్పున వస్తుంది. వాస్తవంలో జేజే లాల్‌పెఖ్లువా నుంచి ఈనాటి వరకు మిజో ఆటగాళ్లు జాతీయ జట్టులో తరచుగా కనిపిస్తూనే ఉన్నారు. 2012లో మిజోరం ప్రీమియర్ లీగు మొదలైంది, స్థానిక కేబుల్ టీవీ దాన్ని ఇంటింటికీ చూపింది. 2013-14లో మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది, 2016-17లో ఐజ్వాల్ ఎఫ్‌సీ ఐ-లీగు విజేత అయ్యింది. ఇందులో ఏదీ జాతీయ జట్టులో వాటా ఇచ్చి సాధించినది కాదు. మైదానానికి వచ్చే జనం, క్రమం తప్పని లీగు, క్లబ్బుల ప్రతినిధులు వచ్చి చూసే అలవాటు ఈ మార్పు తెచ్చాయి. మహిళల జాతీయ పోటీల్లో మణిపూర్ దీర్ఘకాలపు ఆధిక్యం వెనుకా ఇలాంటి స్థానిక అల్లికే ఉంది.

ఇతర దేశాల అనుభవం

ప్రపంచ కప్పు చరిత్రలో ఈ చర్చకు సరిపోయే మ్యాచ్ ఒకటి మొదటి కప్పులోనే ఉంది. 1930 జులై 14న మాంటెవీడియోలో బ్రెజిల్, యుగోస్లావియా తలపడ్డాయి. సావో పాలో సంఘానికి, రియోలోని జాతీయ సంఘానికి తగవు రావడంతో బ్రెజిల్ దాదాపు పూర్తిగా రియో ఆటగాళ్లతో దిగింది. సావో పాలో దిగ్గజం ఫ్రైడెన్‌రైక్ ఇంట్లోనే ఉండిపోయాడు. యుగోస్లావియా సంఘం కార్యాలయాన్ని జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్‌కు తరలించినందుకు క్రొయేషియా ఆటగాళ్లు రాలేదు. రెండూ సగం దేశాల జట్లే. యుగోస్లావియా 2-1తో గెలిచి సెమీఫైనల్ వరకు వెళ్లింది, అక్కడ ఉరుగ్వే 6-1తో ఓడించింది. ఒక ప్రాంతం లేకుండానే సెమీస్ చేరారు కదా అని దీన్ని ప్రాతినిధ్యానికి వ్యతిరేకంగా వాడవచ్చు. బ్రెజిల్ తొలి రౌండ్‌లోనే ఇంటికి పోయింది కదా అని అనుకూలంగానూ వాడవచ్చు. నిజానికి ఈ మ్యాచ్ చెప్పేది మరొకటి: ఆ ఆటగాళ్లను దూరం చేసింది ప్రతిభ లెక్క కాదు, సంఘాల పెత్తనం కోసం జరిగిన పోరు.

లక్ష్య విధానానికి బాగా తెలిసిన ఉదాహరణ క్రికెట్‌లో ఉంది. వర్ణవివక్ష చరిత్ర దృష్ట్యా దక్షిణాఫ్రికా క్రికెట్ బోర్డు 2016లో ఒక సీజన్ మొత్తం మీద సగటున ఆరుగురు శ్వేతజాతీయేతరులు, వారిలో ఇద్దరు నల్లజాతి ఆఫ్రికన్లు ఉండాలన్న లక్ష్యం పెట్టుకుంది. ప్రతి మ్యాచ్‌కూ కాక సీజన్‌కు లెక్క కట్టడంలో వివేకం ఉంది. అక్కడ చట్టమే తరతరాలుగా ఒక వర్గాన్ని మైదానానికి దూరంగా ఉంచింది. ఆ గాయానికి వేసిన మందును మన రాష్ట్రాల మధ్య తేడాలకు యథాతథంగా వాడలేం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గ్రేట్ బ్రిటన్ పురుషుల జట్టు మరో కొసన నిలుస్తుంది: 18 మందిలో 13 మంది ఇంగ్లండ్, ఐదుగురు వేల్స్ వారు, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ నుంచి ఒక్కరూ లేరు.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం బలమైనది. వెదికే దశలో న్యాయం చేస్తామన్న మాట ఎవరు నిలబెట్టుకుంటారు? కోటా ఉంటే కనీసం లెక్క చూపవలసి వస్తుంది. వెదుకులాటకు లెక్క ఉండదు. దీనికి జవాబు వెదుకులాటనే లెక్కకు తేవడం. ఏ జిల్లాలో ఎన్ని వయోవర్గాల లీగులు జరిగాయి, ఒక్కో జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది, లైసెన్సున్న శిక్షకులు ఎందరు, జాతీయ శిబిరాలకు ఏయే రాష్ట్రాల నుంచి ఎందరిని పరీక్షించారు అన్న అంకెలను సమాఖ్య ఏటా ప్రకటిస్తే, కోటా కంటే అవే కచ్చితమైన జవాబుదారీ అవుతాయి. రాష్ట్ర సంఘాలకు సమాఖ్య ఎన్నికల్లో ఓటుంది. ఆ ఓటును ఒక సెలక్టర్ కుర్చీకి మార్చుకోవడం కంటే ఈ లెక్కలకు మార్చుకోవడం వాటికే మేలు.

రెండో అభ్యంతరం భావానికి సంబంధించినది. తమవాడు ఒక్కడూ లేని జట్టును జనం తమదిగా ఎందుకు అనుకోవాలి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. తమవాడు ఆడుతున్నాడంటే ఒక ఊరి పిల్లలంతా బంతి పట్టుకుంటారు. కానీ అర్హత లేకుండా తెచ్చిన స్థానం ఆ పిల్లలకే కాదు, ఆ ఆటగాడికీ భారమే. బాగా ఆడిన రోజున కూడా అతని పేరు పక్కన కోటా అన్న మాట వేలాడుతుంది. మెల్‌బోర్న్‌లో బలరాంను ఎవరూ అలా అనలేకపోయారు.

మూడోది డబ్బు గురించి. ఉన్న కొద్ది నిధులనూ ఆట పండే చోటే పెట్టాలని, దేశమంతా చల్లితే ఎక్కడా పండదని కొందరు నిపుణులు అంటారు. స్వల్పకాలానికి ఈ మాట నిజం. అయితే ఎక్కడ పండుతుందో ముందే తెలుసన్న నమ్మకం మీద ఇది నిలబడింది. 1940లో హైదరాబాద్ గురించి, 1990లో మిజోరం గురించి ఆ సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి ఖరీదైన అకాడమీలు కొన్నిచోట్లే ఉన్నా, చవకైన లీగులు అన్నిచోట్లా ఉండాలి. బడి లీగుకు కావలసింది మైదానం, బంతులు, రిఫరీ, క్రమం తప్పని తేదీలు.

నర్సీపట్నం నుంచి జాతీయ శిబిరం వరకు

ఈ సూత్రాలను ఒక నిర్దిష్టమైన చోట పెట్టి చూడవచ్చు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. చింతపల్లి ఘాట్ రోడ్డు ఇక్కడి నుంచే పైకెక్కుతుంది. ఏజెన్సీ పల్లెల్లో రోజూ కొండలెక్కి దిగే పిల్లల కాళ్ల బలం, ఊపిరి బలం ఫుట్‌బాల్‌కు పనికొచ్చేవే. కానీ అలాంటి పిల్లవాడు భారత జట్టుకు చేరాలంటే బడి ఆటల్లో డివిజన్ దాటాలి, జిల్లా జట్టులో, ఆపై రాష్ట్ర జట్టులో నిలవాలి, జూనియర్ జాతీయ పోటీలోనో సుబ్రతో కప్పులోనో ఏదో క్లబ్బు మనిషి కంట పడాలి, ఆపై ఆ క్లబ్బు అకాడమీకి రాష్ట్రం దాటి వెళ్లాలి. ఈ మెట్లలో ఒక్కటి లేకపోయినా కథ అక్కడే ఆగుతుంది. మధ్య మెట్లు లేనప్పుడు పై మెట్టు మీద ఆంధ్రకు ఒక స్థానం రాసిపెట్టినా, ఆ స్థానంలోకి మన్యం పిల్లవాడు రాడు. విజయవాడలోనో విశాఖలోనో అప్పటికే అవకాశమున్నవాడు వస్తాడు. రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకున్న ప్రాతినిధ్యం రాష్ట్రం లోపలి దూరాలను చూడదు.

2020లో ఐ-లీగు కోసం విశాఖపట్నం పేరిట శ్రీనిధి క్లబ్బుకు స్థానం దక్కింది. తరువాత అది హైదరాబాద్ కేంద్రంగా శ్రీనిధి డెక్కన్ అయ్యింది. ఉత్తరాంధ్రలోనే ఒక వృత్తి క్లబ్బు వేళ్లూనుకునే అవకాశం అలా చేజారింది.

మహిళల జట్టు (చూ. భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు)

ఇటీవల తెలుగు నేల నుంచి జాతీయ జట్టులో స్థిరపడిన ఆటగాళ్లలో ముందు చెప్పవలసిన పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లాలోని తండాలో పుట్టిన ఆమె ఎవరి వాటా కిందా రాలేదు. ఆమె దారిలో మాత్రం ఈ వ్యాసంలో చెప్పిన లోటంతా కనిపిస్తుంది. సీనియర్ స్థాయి క్లబ్బు ఆట కోసం ఆమె ముంబైలోని కెంక్రేకు, తరువాత కేరళలోని గోకులంకు, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు, ఆపై కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లవలసి వచ్చింది.